రెండో గీత దగ్గర ఈల

మా క్లబ్బులో ఎవరైనా ఒంటరిగా గ్లైడర్ ఎగరేయాలంటే ముందు ఒక కిలోమీటరును తొంభై సెకన్లలోపు పూర్తి చేసి చూపించాలి. ఆ నియమం రాసింది నేనే. రాసేనాటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. అప్పటికి గ్లైడర్‌ను చేత్తో ముట్టుకున్నది కూడా లేదు.

గ్లైడర్ అంటే ఇంజను లేని చిన్న విమానం. మావి తేలికపాటి ఫోమ్‌తో చేసినవి, రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు. జూన్‌లో నైరుతి గాలి మొదలయ్యాక అది గుట్టల పడమటి వాలుకు తగిలి పైకి లేస్తుంది. గుట్ట అంచున నిలబడి విమానాన్ని ఆ గాలిలోకి విసిరి, చేతిలోని రిమోట్‌తో నడపాలి. ఎండాకాలం పోయి గాలి మొదలైతే మాకు సీజను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లకు మూడు క్లబ్బులు. ఏడాదికి మూడు పోటీలు, ఊరికొకటి.

మా సూర్యాపేట క్లబ్బు కార్యదర్శి నా దగ్గర పదో తరగతి చదివినవాడు. ఇప్పుడు మొబైల్ రిపేరు షాపు నడుపుతాడు. పోటీల్లో టైముల గురించి కొట్లాటలు అవుతున్నాయని, లెక్క సరిగా రాసేవాళ్లు కావాలని వచ్చి అడిగాడు. లెక్కల టీచరుగా ముప్పై మూడేళ్లు చేసి రిటైరై ఉన్నాను. ఒప్పుకున్నాను. మొదటి ఆదివారమే గుట్టెక్కి, వాళ్ల గీతలు వంకరగా ఉన్నాయని చెప్పాను.

గీతలంటే నేల మీద గీసేవి కావు. గుట్ట అంచు వెంబడి వంద మీటర్ల ఎడంతో రెండు చోట్లు గుర్తుపెడతాం, మొదటి గీత, రెండో గీత అని. ఒక్కో చోట రెండు ఇనుప పైపులు, ఒకటి వెనుక, ఒకటి ముందు అంచు మీద, రెంటికీ మధ్య రెండు మీటర్లు. పైపులు సిమెంటు పోసిన పెయింటు డబ్బాల్లో నిలబడి ఉంటాయి. ఒక మనిషి వెనుక పైపు దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి, రెండు పైపులూ ఒకటిగా కనబడేట్టు చూస్తూ ఉంటారు. విమానం ముక్కు పైపును దాటగానే ఈల ఊదాలి. ఎగరేసే మనిషి మధ్యలో ఉంటారు కాబట్టి విమానం గీత దాటిందో లేదో వాళ్లకు తెలియదు. ఈల వినబడితేనే మలపాలి. మొదటి గీత నుంచి మొదలుపెట్టి అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు పోతే కిలోమీటరు.

ఈల ఎవరు ఊదాలని కార్యదర్శి అడిగితే నేను మా పాత స్కూలు ఆటల టీచరు, పీఈటీ పేరు చెప్పాను. ఒకే హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. నాకంటే ఐదేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. ఒక స్పోర్ట్స్ డే నాడు రెండు వందల మీటర్ల పరుగులో ఫస్టు వచ్చిన సొంత అన్న బిడ్డనే, పక్క లైన్లో కాలు పెట్టిందని తీసేసింది. వదిన ఆరు నెలలు మాట్లాడలేదు. అలాంటి మనిషి ఈల ఊదితే ఇక వాదన ఉండదని అందరి ముందూ నేనే హామీ ఇచ్చాను.

ఆమెకు పైపులు పెట్టడం నేర్పింది కూడా నేనే. మూడు, నాలుగు, ఐదు మీటర్ల తాడుతో మేస్త్రీలు పట్టినట్టు మూలమట్టం పట్టి, ముందు డబ్బా చుట్టూ ముగ్గుపిండితో వృత్తం గీశాను.

"ఈ డబ్బా జరగొద్దు" అన్నాను.

"జరిగితే ఏమైతదక్కా? గింత జాన జరిగితే ఏం కొంప మునుగుతది?"

అప్పుడు చెప్పాను. రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్లు జరిగితే పదో వంతు. గుట్టకు పది మీటర్ల దూరంలో ఎగిరేవానికి గీత ఒక మీటరే జరుగుతుంది. యాభై మీటర్ల దూరంలో ఎగిరేవానికి ఐదు మీటర్లు జరుగుతుంది. ముందు పైపును లోపలి వైపు జరిపితే దూరంగా ఎగిరేవాళ్లకు ఈల ముందే వినబడుతుంది, వాళ్లకు దారి తగ్గిపోతుంది. తొమ్మిదో తరగతి సరూప త్రిభుజాలే. ఆమె ముగ్గుపిండి చేతులు దులుపుకుంటూ, "నీ క్లాసుల కూసున్నట్టే ఉన్నది" అని నవ్వింది. బాగా అర్థమైందని నాకు సంతోషమైంది.

రెండో సీజనులో నేను ఎగరేయడం మొదలుపెట్టాను. "అందరి తప్పులు రాసుడేనా మేడం, మీరు కూడ ఒకసారి ఎగరేయిన్రి" అని కార్యదర్శి ఎగతాళికి అన్నాడు. ఆ వారమే నేర్చుకోవడానికి కూర్చున్నాను.

తొంభై దాటేవాళ్లకు మా పద్ధతి ఒకటుంది. రెండు రిమోట్లను ఒక వైరుతో కలుపుతాం. ఒకటి నేర్చుకునేవాళ్ల చేతిలో, ఇంకోటి పెద్ద పైలట్ చేతిలో. ఆయన మీట నొక్కితే విమానం ఆయన మాట వింటుంది, మన చేతిలోది ఉత్త డబ్బా అవుతుంది. నా వైరు అటు కొస కార్యదర్శి దగ్గర ఉండేది. ఆ సీజను మొత్తంలో పదకొండుసార్లు నా చేతిలోంచి తీసుకున్నాడు. అందులో ఎనిమిదిసార్లు అవసరం లేదు. ప్రతిదీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. విమానం బాగా పోతూ ఉండగా ఉన్నట్టుండి మన వేలికి అది పలకకుండా పోతే ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఎవరో మన నోట్లోంచి మాట లాక్కున్నట్టే ఉంటుంది. ఒంటరిగా ఎగరేయాలి, ఆ వైరు తీసేయించుకోవాలి. డెబ్బై ఏళ్ల వయసులో నాకు కావలసింది అదొక్కటే. కప్పులూ మెడళ్లూ నాకు అక్కర్లేదు.

అడ్డం ఒక్కటే, నా మెడ. ఎముకలు అరిగి నలభై ఐదు డిగ్రీలకు మించి ఏ వైపుకూ తిరగదు. ఒళ్లంతా తిప్పుదామంటే గుట్ట మీద రాళ్లలో కాలు నిలవదు. నేను నిలబడే చోటు నుంచి ఒక్కో గీత యాభై మీటర్లు. నలభై ఐదు డిగ్రీల్లోనే రెండు కొసలూ కనబడాలంటే విమానం నాకు యాభై మీటర్ల ముందర ఎగరాలి. మిగతావాళ్లందరూ పదిహేను మీటర్లలో ఎగరేస్తారు, అక్కడ గాలి బలంగా లేస్తుంది. యాభైలో అంత ఉండదు. అందుకే నా విమానం నెమ్మది. రెండో సీజను చివరికి నా మంచి టైము తొంభై మూడు పాయింట్ ఒకటి.

మూడో సీజను, జూన్ రెండో ఆదివారం, మా గుట్ట మీద సూర్యాపేట పోటీ. పొద్దున ఆరున్నరకు రెండు గీతల దగ్గరా తాడు పట్టి పైపులు నేనే చూశాను. తర్వాత మధ్యలోకి వచ్చేశాను. పీఈటీ రెండో గీత దగ్గర గొడుగు, నీళ్ల బాటిల్ పెట్టుకుని కూర్చుంది.

మేకలు మేపుకునే ఒకాయన మా వెనకే నిలబడి చూస్తున్నాడు.

"ఏందమ్మా, గిది మందు కొట్టే డ్రోనా?"

"కాదు."

"మరి పెండ్లి వీడియో తీసేదా?"

"కాదయ్యా."

"మరి దేనికి?"

కార్యదర్శి అందుకున్నాడు. "మా మేడంకు ఇంట్ల పొద్దు పోతలేదు, గందుకే."

నా వంతు వచ్చింది. ఎగరేశాను. ఎనభై ఏడు పాయింట్ ఎనిమిది.

వాచీ రెండుసార్లు చూశాను. మొదటి గీత దగ్గర వాచీ పట్టుకున్న మిర్యాలగూడ ఆయనకు కూడా అంతే వచ్చింది. కార్యదర్శి వచ్చి అందరి ముందూ నా రిమోట్ నుంచి వైరు పీకి, చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. పీఈటీ వంద మీటర్లు రాళ్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది. "మొక్కిన అక్కా, మొక్కిన!" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఇంటికి వచ్చి పుస్తకంలో గాలి వేగం, దిశ, టైము రాశాను. కింద ఎర్ర సిరాతో 'ఒంటరిగా' అని రాశాను. ఎర్ర సిరా అంతకు ముందు ఆ పుస్తకంలో ఎప్పుడూ వాడలేదు.

మూడో రోజు పేపరులో జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. నేను ఎవరినీ పిలవలేదు. విలేకరికి ఫోన్ చేసింది కార్యదర్శి.

జూలై మొదటి ఆదివారం కోదాడ పోటీ. మఠంపల్లి వైపు ఒక గుట్ట, కింద సున్నపురాయి దుమ్ము. గాలి జోరుగా ఉంది. పైపుల పద్ధతి అక్కడా మాదే, ఈల మా పీఈటీదే. మూడు క్లబ్బులూ ఆమెనే ఒప్పుకున్నాయి. నేను ఎనభై ఆరు పాయింట్ తొమ్మిదిలో ముగించాను. నా వెనుక ఎగరేసిన కోదాడ ఆయనకు మెడికల్ షాపు ఉంది, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనకు ఎనభై ఏడున్నర వచ్చింది. పాయింట్ ఆరుతో నాలుగో స్థానం నాకు, ఐదో స్థానం ఆయనకు.

టీ తాగుతుంటే పక్కకు వచ్చాడు.

"టీచర్ గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ విమానం గీత దాకా రాకముందే ఈల వచ్చినట్టు అనిపించిందండీ నాకు. రెండు మూడుసార్లు."

"మీరు ఎక్కడ నిలబడి చూశారు?"

"ఆ చింతచెట్టు దగ్గర నుంచి."

"గీతకు పక్కన నిలబడితే అట్లాగే అనిపిస్తుంది. దాన్ని పారలాక్స్ దోషం అంటారు. పదో తరగతిలో చెప్తారు."

"అంతే అయి ఉంటుందిలెండి."

"ఆ ఈల ఊదే ఆమె ఎవరో తెలుసా మీకు? ఓడిపోతే ఓడిపోయానని ఒప్పుకోవాలి."

ఆయన ముఖం ఎర్రబడింది. గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఈ మాటలు నేను నలుగురిలో, గట్టిగా అన్నాను.

జూలై మూడో ఆదివారం మా గుట్ట మీద ప్రాక్టీసు. పీఈటీ తమ్ముని కొడుకు పెళ్లికి పోయింది. రెండో గీత దగ్గర మిర్యాలగూడ నుంచి ఊరికే చూడ్డానికి వచ్చిన ఒకామె కూర్చుని ఈల ఊదింది. గాలి జూన్ పోటీ నాటిదే, అదే వేగం, అదే దిశ. నా టైము తొంభై రెండు పాయింట్ మూడు. మళ్లీ ఎగరేశాను. తొంభై రెండు పాయింట్ ఏడు.

నాకు భయమేసింది. మెడ ఇంకా బిగుసుకుపోయిందనుకున్నాను, చేతులు నెమ్మదించాయనుకున్నాను. మంగళవారం ఎముకల డాక్టరు దగ్గరికి పోయి ఎక్స్‌రే తీయించాను. నిరుటికీ ఇప్పటికీ తేడా ఏమీ లేదన్నాడు. వేళ్లు కూడా చూడమన్నాను. "నా వేళ్లకంటె మీ వేళ్లే గట్టిగున్నయ్ అమ్మా" అన్నాడు. అయినా రెండు రోజులు అన్నం సయించలేదు. తొంభైలోపు రాలేని దాన్ని ఒంటరిగా ఎగరేస్తుంటే, నా నియమం ప్రకారం నాకు నేనే వైరు తగిలించుకోవాలి.

గురువారం మూడు రోజుల టైములూ పక్కపక్కన రాసుకుని కూర్చున్నాను. అందరి టైములూ. మిగతావాళ్లకు జూన్ పోటీకీ ఈ ప్రాక్టీసుకూ తేడా ఒక సెకను, ఒకటింబావు. నాకు నాలుగున్నర. ఒకే గాలి, ఒకే గుట్ట. వాళ్లకూ నాకూ తేడా ఎక్కడుంది? వాళ్లు పదిహేను మీటర్లలో ఎగరేస్తారు, నేను యాభైలో.

గళ్ల కాగితం తీసుకుని త్రిభుజం వేశాను. వేస్తూ ఉండగానే తెలిసిపోయింది. అయినా చివరి దాకా వేశాను. జాన జరిగితే నాకు ఒక్కో పోకకు ఐదు మీటర్లు తగ్గుతుంది, పది పోకలకు యాభై. నా విమానం సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది. యాభైని పదకొండుతో భాగిస్తే నాలుగున్నర. పదిహేను మీటర్లవాళ్లకు ఒకటింబావు. లెక్క ఇంత శుభ్రంగా కుదిరిన రోజు నా ఉద్యోగంలో కూడా తక్కువ. నాకు సంతోషం కలగలేదు.

ఆ వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు పీఈటీ వచ్చింది. పొద్దున ఎప్పటిలాగే పైపులు చూసి వచ్చేశాను. మొదటి వరుస అయిపోయి అందరూ టీకి కూర్చున్నాక, కర్ర పట్టుకుని రెండో గీత వైపు నడిచాను. పైపులు చూశాక మళ్లీ ఆ రాళ్లలో పోవడం నాకు అలవాటు లేదు. ఆమె దూరం నుంచి చూసి లేచి నిలబడింది.

ముందు డబ్బా చుట్టూ ముగ్గుపిండి వృత్తం ఉంది. అది నాది కాదు. ముప్పై ఏళ్లు గ్రౌండులో గీతలు గీసిన చెయ్యి ఆమెది, నాది అంత గుండ్రంగా రాదు. ఒక జాన అవతల నా వృత్తాన్ని చెప్పు కాలితో చెరిపిన మరక కనబడుతోంది.

"ఎన్ని రోజుల నుంచి?" అన్నాను.

ఆమె దబాయించలేదు. "జూన్ పోటీ నుంచి" అంది.

"కోదాడల?"

"గాడ కూడ."

"నీకు ఇది ఎట్ల తెలుసు?"

"నువ్వే చెప్పినవ్ గదా అక్కా. దూరం ఎగరేసేటోళ్లకు ఐదు మీటర్లని."

కూర్చోవడానికి ఆమె బకెట్ బోర్లించి జరిపింది. నేను కూర్చోలేదు.

"నీ మెడ తిరుగుతదా, చెప్పు? అందరు గాలి మంచిగున్న జాగల ఎగరేస్తరు, నువ్వు లేని జాగల ఎగరేస్తవ్. అది న్యాయమా? నేను నీకు ఎక్కువ ఏం ఇయ్యలే. తక్కువైంది నింపిన."

"నింపుమని నిన్ను ఎవరడిగిన్రు?"

ఆమె నా వెనక్కి చూసింది. కార్యదర్శి టీ గ్లాసుతోనే పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"మేడం, మేడం, జర వినున్రి. అక్కను ఏమనకున్రి, అడిగింది నేనే."

"ఎందుకురా?"

"గుట్ట వాడుకునే పర్మిషన్ ఫైలు ఆఫీసుల ఆర్నెల్లు కదలలే మేడం. డెబ్బై ఏండ్ల రిటైర్డ్ టీచర్ ఒంటరిగ ఎగరేసిందని పేపర్ల పడ్డంక వారంల సంతకమైంది. లేకుంటే క్లబ్బే ఖతం. మీకు కూడ మంచిగనే ఉండె కదా? ఎంత ఖుషీ అయిన్రు ఆరోజు!"

"క్లబ్బులో ఇంకెవరికి తెలుసు?"

గ్లాసులోకి చూశాడు. "అందరికి తెలుసు మేడం."

మా క్లబ్బులో నన్ను తీసేస్తే ఏడుగురు. వైరు పీకిన రోజు చప్పట్లు కొట్టింది ఆ ఏడుగురే. నేను వాచీ రెండోసారి చూసుకోకముందే చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడది నాకు ప్రేమగా తోచింది. పీఈటీ కళ్లలో నీళ్ల సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. అవి అబద్ధం కాదనే అనుకుంటున్నాను. అబద్ధమైతే నయముండేది.

"నువ్వు నీ అన్న బిడ్డనే తీసేసినవ్" అన్నాను ఆమెతో.

"దానికి రెండు కాళ్లు సక్కగున్నయ్ అక్కా. అందుకే తీసేసిన."

కర్ర తీసుకుని గుట్ట దిగాను. ఆ రోజు ఆటోలో వెనక్కి ఒక్కదాన్నే వచ్చాను.

రెండు వారాలు ఫోన్లు వచ్చాయి. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు వచ్చాయి. మిర్యాలగూడ పోటీ అయిపోయేదాకా బయట పెట్టొద్దని కార్యదర్శి బతిమాలాడు. ఈలోగా నేను నా టైములను సరిచేద్దామని కూర్చున్నాను. సూర్యాపేటది తేలింది. యాభై మీటర్లకు అటూ ఇటూ ఎంత వేసుకున్నా తొంభై దాటుతుంది. కోదాడది తేలలేదు. ఆ రోజు జోరు గాలి విమానాన్ని గుట్ట వైపు నెట్టింది. నలభై మీటర్లలో ఎగిరి ఉంటే అసలు టైము తొంభైన్నర. ముప్పైలో ఎగిరి ఉంటే ఎనభై తొమ్మిది పాయింట్ ఆరు. గాలి వేగం రాశాను, దిశ రాశాను, ఎండ రాశాను. గుట్టకు ఎంత దూరంలో ఎగిరిందో రాసుకోలేదు. కాబట్టి నేను ఆ రోజు నిజంగా గెలిచానో లేదో ఏ లెక్కా చెప్పలేదు. ఈల నిజమే అయి ఉంటే తెలిసేది. వాళ్లు నాకు ఇచ్చింది ఏమిటో గానీ, నా దగ్గర నుంచి తీసుకున్నది మాత్రం అది.

ఆగస్టు రెండో ఆదివారం మిర్యాలగూడ పోటీ, నిడమనూరు దాటాక ఉన్న గుట్ట మీద. కింద పొలాల్లో నాట్లు నడుస్తున్నాయి. మొదటి విమానం ఎగరకముందే మూడు క్లబ్బులవాళ్లనూ పిలిచి నిలబెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా రెండు టైములూ కొట్టేయమన్నాను. కోదాడ ఆయన వైపు తిరిగి, "ఆ రోజు మీరు చూసింది నిజమే. నలుగురిలో మిమ్మల్ని అవమానించాను. నలుగురిలోనే క్షమాపణ చెప్తున్నాను" అన్నాను.

ఆయన ఇబ్బందిపడ్డాడు. "అయ్యో, అంత మాట దేనికండీ. మీకు తెలియదు కదా."

మా వాళ్లలో ఎవరో వెనక నుంచి అన్నారు, "సూర్యాపేట ఇజ్జత్ తీసింది పెద్దమ్మ" అని. పేరు తెలుసు, రాయను.

ఈల ఎవరు ఊదాలన్న మాట వచ్చింది. పీఈటీ దూరంగా ఒక రాయి మీద కూర్చుని ఉంది. కోదాడ ఆయనే, "పైపు దగ్గర మా మనిషి ఒకరు కూర్చుంటారు. ఈల మాత్రం ఆవిడే ఊదనివ్వండి, అంత చురుకైన కన్ను మన మూడు ఊళ్లలో లేదు" అన్నాడు. నేను అడ్డం చెప్పలేదు. పైపులు నేనూ ఆయనా తాడుతో పెట్టాం.

నా వంతు. రిమోట్‌కు వైరు లేదు. ఈ ఒక్కసారికి అట్లా ఎగరేసి, తొంభైలోపు వస్తే వైరు మానేస్తానని, రాకపోతే తిరిగి తగిలించుకుంటానని చెప్పి విసిరాను. గాలి సమంగా ఉంది. రెండో గీత ఈల మొదటిసారి, రెండోసారి, మూడోసారి సరిగ్గా వచ్చింది. మలుపులు నా జీవితంలో ఎప్పుడూ అంత బాగా తిరగలేదు. చివరి ఈల విని వాచీ వైపు చూడకుండా విమానాన్ని దించాను.

"తొంభై పాయింట్ నాలుగు" అన్నాడు కోదాడ ఆయన. చప్పట్లు లేవు. అదే నయమనిపించింది. ఓడిపోయినా ఆ అంకె నాది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

వచ్చేటప్పుడు కారులో పీఈటీ నా పక్కన కూర్చుంది. వేరే చోటు లేదు. కారు మిర్యాలగూడ దాటింది. తర్వాత మెల్లగా, "అక్కా, ఇగ నా మీద నీకు అనుమానం వద్దు" అంది.

"ఏం?"

"ఇయ్యాల అందరు నన్నే చూస్తున్రు గదా. మళ్ల నీకే కలిసొచ్చేటట్టు ఊదిననని ఎవ్వరు అనొద్దని, ఆఖరిసారి ముక్కు దాటినంక కూడ జర ఆగి ఊదిన."

అదేదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పింది.

"జర అంటే ఎంత?"

"గింతంత."

"అర సెకనా? పావా?"

"ఏం తెలుసక్కా. ఊపిరి పట్టుకున్న, మళ్ల ఊదిన."

అర సెకను ఆగితే విమానం ఐదున్నర మీటర్లు అవతలికి పోతుంది. అంత దూరం మళ్లీ వెనక్కి రావాలి. మొత్తం ఒక సెకను. అంటే ఎనభై తొమ్మిది పాయింట్ నాలుగు. పావు సెకను అయితే ఎనభై తొమ్మిది పాయింట్ తొమ్మిది. సెకనులో ఐదో వంతుకంటే తక్కువైతే తొంభై పైనే. ఆమె ఊపిరి పట్టుకున్న సేపు ఎంతో ఆమెకే తెలియదు.

"నువ్వు ఒక్కసారి కూడ ఉన్నది ఉన్నట్టు ఊదలేవా?" అన్నాను. నా గొంతు పెరిగినట్టుంది, డ్రైవరు అద్దంలో చూశాడు. ఆమె ఏడ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పుస్తకంలో తొంభై పాయింట్ నాలుగు అనే రాశాను. వాచీలో వచ్చింది అదే. వైరు తిరిగి తగిలించుకున్నాను. కానీ మా గుట్ట మీద దాని రెండో కొస పట్టుకోవడానికి ఏడుగురిలో ఎవరి చేతికి ఇవ్వాలో తోచలేదు. కోదాడ ఆయనకు ఫోన్ చేసి అడిగితే, "రండి టీచర్ గారూ, ఆదివారాలు మేం ఎలాగూ ఉంటాం" అన్నాడు. ఇప్పటికి నాలుగు ఆదివారాలు పోయాను. పొద్దున ఐదున్నర బస్సు. ఆయన నా చేతిలోంచి ఒక్కసారే తీసుకున్నాడు, అప్పుడు నిజంగా అవసరమైంది. నా మంచి టైము తొంభై ఒకటి పాయింట్ రెండు. గుట్టకు ఎంత దూరమో కూడా ఇప్పుడు రాసుకుంటున్నాను.

నిన్న సాయంత్రం పీఈటీ ఫోన్ చేసింది.

"రేపు ఎన్నింటికి పోదాం అక్కా, గుట్టకు?"

"నేను కోదాడ పోతున్న."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆమె ఇంట్లో కుక్కరు కూత వినబడింది.

"నేను రానా? ఈల ఊదను. ఉత్తగ కూసుంట."

"వద్దు."

"సరే. నీళ్లు పెద్ద బాటిల్ల పెట్టుకో. గాడ నీళ్లు దొరకవ్."

"పెట్టుకున్న" అన్నాను. ఇంకా ఏమన్నా అంటానేమోనని ఆమె ఆగింది. నేనే ఫోన్ పెట్టేశాను.